ఎడమ చెవికి రెండు కోతలు

మా ఇంట్లో ఒకప్పుడు పదకొండు గంపలు ఉండేవి. మిరపకాయలకు నాలుగు, పత్తికి మూడు, పేడకి ఒకటి. మిగిలిన మూడింటికి పనిలేక అటక మీద బోర్లించి ఉండేవి.

"ఈ ఇంట్లో మనుషులకన్నా గంపలెక్కువ. ఇంకొకటి కొన్నారంటే అందులో మిమ్మల్నే కూర్చోబెట్టి సంతకు పంపిస్తా" అనేది నా భార్య. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ పదకొండింటిలో ఏడు గంపలు ఒకే మనిషి అల్లినవి. ఆ ఏడింటి అడుగునా, పాత గుడ్డ కింద, నాకు డబ్బు వచ్చింది. అది పందుల మీద వచ్చిన డబ్బు. ఆ సంగతి నాకూ ఆ గంపలల్లిన ఆమెకూ తప్ప ఇంకెవరికీ తెలియదని అనుకునేవాణ్ణి.

మాది సత్తెనపల్లికి బండి మీద పూట ప్రయాణమంత దూరంలో ఉన్న నల్లరేగడి ఊరు. నాలుగున్నర ఎకరాల్లో మిరప, పత్తి వేసేవాళ్ళం. నేను మూడో తరగతి దాటలేదు. కానీ చిన్నప్పటి నుంచీ నాకు లెక్కల పిచ్చి ఉంది. జిన్నింగు మిల్లులో కాటా దగ్గర రెండు సీజన్లు పనిచేసి, అక్కడి గుమాస్తా కూడికలు చూస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడూ, మణుగులు పోయి కిలోలు వచ్చినప్పుడూ ఊరంతా మా అరుగు మీదికే వచ్చింది. మణుగుకి ఎన్ని కిలోలు, ఎన్ని గ్రాములు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. జనం నన్ను లెక్కలాయన అనేవాళ్ళు. శ్రీరామనవమి చందాల లెక్క కూడా నా చేతికే ఇచ్చారు. ఆ పుస్తకం మీద నాకు ఎంత గర్వమంటే, పండగ అయిపోయాక కూడా దాన్ని ట్రంకుపెట్టెలో గుడ్డ చుట్టి పెట్టుకునేవాణ్ణి.

ఊరికి పడమర, బండ్ల డొంక దాటాక, ఎరుకలవాళ్ళ గుడిసెలు పద్నాలుగు ఉండేవి. నాలుగో గుడిసె ఆమెది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు పెళ్ళై ఒంగోలు అవతల కొత్తపట్నం వైపు వెళ్ళిపోయింది. ఈత బెత్తాలతో గంపలు అల్లి అమ్మడం, పందులు పెంచడం, ఇవే ఆమె జీవనం. ఒక వేసవిలో గంపలు కావాలా అని మా వాకిట్లోకి వచ్చినప్పుడు, ఊసుపోక అడిగాను, పంది ఏడాదికి ఎన్ని ఈతలు ఈనుతుందని.

"రెండయ్యా. బాగుంటే ఈతకి ఎనిమిది పిల్లలు. రెండు మూడు పోయినా అయిదు దక్కుతాయి" అంది.

ఆమె వెళ్ళాక కాగితం తీశాను. గేదె మీద పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది, పంది మీద పెట్టింది ఎన్నాళ్ళకు వస్తుంది అని వేసి చూశాను. మళ్ళీ వేశాను. లెక్క తప్పు కాదు. గేదెకి గడ్డి కొనాలి, చిట్టు కొనాలి. పందికి ఏమీ కొననక్కర్లేదు. వారం తిరక్కుండా ముప్పై ఆరు రూపాయలు ఆమె చేతిలో పెట్టి, రెండు ఆడపందులు కొనమన్నాను. సగపాలు. అంటే పందులు నావి, మేత, కాపలా ఆమెవి. పిల్లలు ఎదిగాక సంతలో అమ్మితే వచ్చినదాంట్లో నాకు సగం, ఆమెకు సగం.

మా రైతు కులంలో పందుల మీద డబ్బు పెట్టినవాణ్ణి ఎలా చూస్తారో చెప్పాలంటే, వాడి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. పైగా నా చేతిలో రాములవారి చందా పుస్తకం ఉంది. అందుకే ఆమెను అడిగాను, ఎవరైనా ఆ పందులు ఎవరివంటే ఏం చెబుతావని.

"సగపాలుకిచ్చినాయన పేరు మేం నోటితో అనమయ్యా. మాలో అదొక కట్టు. చెప్పుకోవాలంటే ఆయనే చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆయనిష్టం. నావని మాత్రం నేననను. అంటే మా పెద్దలు తప్పు కట్టిస్తారు" అంది. తర్వాత, "మీ పందులకి గుర్తు ఏం పెట్టమంటారు?" అని అడిగింది.

వాళ్ళలో ప్రతి ఇంటికీ ఒక చెవికోత ఉంటుంది. పందులు పగలంతా ఊరి మీద కలిసి తిరుగుతాయి కాబట్టి, పిల్లగా ఉన్నప్పుడే చెవి అంచు కోసి గుర్తు పెడతారు. ఆమె ఇంటి గుర్తు కుడి చెవి కొసన ఒక చీలిక.

"ఎడమ చెవికి రెండు కోతలు పెట్టు" అన్నాను. సగానికి సగం కదా, రెండు బాగుంటుందని తోచింది. ఆ పందుల్ని కళ్ళారా చూసింది ఒక్కసారే. డొంక పక్కన చింపిరి తుమ్మల కింద పొర్లుతుంటే ఆమె దూరం నుంచి చూపించింది. ముక్కు మూసుకుని వచ్చేశాను. అంకెల్లో మాత్రం వాటిని రోజూ చూసేవాణ్ణి.

మూడున్నరేళ్ళలో ఏడుసార్లు డబ్బు వచ్చింది. కొత్త గంప నెత్తిన పెట్టుకుని పట్టపగలు మా వాకిట్లోకి వచ్చి, "అయ్యా, మీరు చెప్పిన గంప" అనేది. ఏడుసార్లూ అమ్మిన ధర చెప్పి సగం తెచ్చింది. ఒకసారి సంతలో రేటు విచారించి చూశాను. ఆమె చెప్పినదానికి పావలా కూడా తేడా లేదు. విచారించానని కూడా ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ తర్వాత పందులకు జ్వరం వచ్చింది. మొదట వేరే ఊళ్ళలో అన్నారు. తర్వాత మా డొంక దగ్గర కూడా పందులు మేత మానేసి ఒకదాని మీద ఒకటి పడి వణకడం మొదలుపెట్టాయి. చెవుల మీద, పొట్ట కింద ఎర్రటి మచ్చలు. లేచి నడవబోతే వెనక కాళ్ళు తడబడి కూలబడేవి. వారంలో ముప్పై దాకా చచ్చాయని విన్నాను. నా పందుల్లో అప్పటికి ఒక్కటీ పోలేదు. రెండు తల్లులు, రెండు ఎదుగుతున్నవి, అయిదు పిల్లలు.

సర్కారు ఉత్తరువు వచ్చింది. జబ్బు తగిలిన గూడెంలో మిగిలిన పందులన్నింటినీ చంపి, గుంట తీసి, సున్నం పోసి పూడ్చాలి. అప్పటికే చచ్చినవాటికి ఏమీ రాదు. చంపినవాటికి మాత్రం యజమానికి నష్టపరిహారం ఇస్తారు. పెద్ద పందికి ఇరవై అయిదు రూపాయలు, నడిమి దానికి పన్నెండు, పిల్లకి నాలుగు. జాబితా రాయాల్సిన కరణంగారు పందుల గూడెంలోకి అడుగుపెట్టనన్నారు. "లెక్కలాయన ఉన్నాడుగా, ఆయన్ని తీసుకుపోండి" అన్నారు. నన్ను అడిగారు. నలుగురిలో నా పేరు వచ్చిందని సంతోషించి ఒప్పుకున్నాను.

ముందు రోజు పొద్దున ఆమె మా చేను గట్టు దగ్గరికి వచ్చింది.

"రేపు రాసుకోటానికి వస్తారంటయ్యా. మీ పందుల మాట ఏం చెయ్యమంటారు?"

"రాసేది నేనే గదా. నేను చూసుకుంటాలే."

"నా మూడింటి డబ్బు, మీవాటిలో నా సగం కలిస్తే మళ్ళీ రెండు తల్లుల్ని కొనుక్కుంటానయ్యా. జబ్బు తగ్గిందాకా గంపలమ్ముకుని బతుకుతా. ఆ డబ్బు మాత్రం ముట్టను" అంది.

"నేను చూసుకుంటానన్నానా" అన్నాను. నా ఆలోచన ఏమిటంటే, ఆ దొడ్డిలో ఉన్నవన్నీ ఆమె పేరునే రాసేద్దామని. ఎవరు అడుగుతారు? కలం నా చేతిలో ఉంటుంది కదా.

మర్నాడు పొద్దున గుంటూరు నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, మంచివాడిలాగే కనిపించాడు. మా ఊరి మునసబు వచ్చాడు. ఊరి వరసకు నాకు బావమరిది, నోరు పెద్దది. వేడుక చూడటానికి ఊళ్ళోవాళ్ళు పాతిక మంది వచ్చి డొంక గట్టు మీద నిలబడ్డారు. గూడెం పెద్ద, డెబ్బై ఏళ్ళ ముసలాయన, కర్ర ఆనించుకుని మా పక్కనే నిలబడ్డాడు. పందుల్ని ఎవరి దొడ్డిలో వాళ్ళు కట్టేసి ఉంచారు.

డాక్టరు తలపట్టుకున్నాడు. "మొన్న ఒక ఊళ్ళో ఈ ఇంటి పందులు ఆ ఇంటికి తోలి రెండుసార్లు రాయించుకున్నారండీ. పైనుంచి నాకు అక్షింతలు పడ్డాయి. ఏ పంది ఎవరిదో తేల్చేదెట్లా?"

ఆ ప్రశ్న వినగానే నా బుర్ర ఆగలేదు. "దానికేముందండీ, ప్రతి ఇంటికీ చెవికోత గుర్తు ఉంటుంది. జాబితాలో దానికొక గడి గీస్తాను. గుర్తు కలిస్తేనే రాద్దాం" అన్నాను.

డాక్టరు ముఖం వికసించింది. "ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. మీరెక్కడ చదువుకున్నారండీ?"

"మా వాడికి చదువెందుకయ్యా, పుట్టడమే పలక పట్టుకుని పుట్టాడు" అన్నాడు మునసబు. గట్టు మీద నవ్వారు. నేను స్కేలు పెట్టి గడి గీశాను. నాలుగో గడి. పైన "చెవి గుర్తు" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాను.

మొదటి ఇల్లు, రెండో ఇల్లు సాఫీగా జరిగిపోయాయి. ముసలాయన గుర్తు చెప్పేవాడు, డాక్టరు చెవి పట్టుకుని చూసేవాడు, నేను రాసేవాణ్ణి. మూడో ఇంటి దగ్గర పందిపిల్ల చెవి వెలుతురుకి తిప్పి చూపించినప్పుడు నాకు గుర్తొచ్చింది. ఎడమ చెవికి రెండు కోతలు. మూడున్నరేళ్ళుగా ఏడు గంపల డబ్బు పైసలతో సహా గుర్తున్న నాకు, ఆ గడి గీస్తున్నప్పుడు అది గుర్తు రాలేదు. వాటికి చెవులుంటాయన్న సంగతే నేను మరిచిపోయాను. నా లెక్కలో అవి తొమ్మిది, అంతే.

నాలుగో ఇంటికి వచ్చాం. ఆమె వాకిట్లో నిలబడి ఉంది.

"కుడి చెవి కొసన ఒక చీలిక" అన్నాడు ముసలాయన. ఒక తల్లి, రెండు ఎదిగేవి. రాశాను. డాక్టరు పక్క గుంజ దగ్గరికి వెళ్ళి వంగాడు.

"ఇవి వేరేగా ఉన్నాయే. ఎడమ చెవి, రెండు కోతలు. ఇది ఎవరి గుర్తు పెద్దాయనా?"

ముసలాయన కర్ర మార్చుకున్నాడు. "మా పద్నాలుగు ఇళ్ళలో ఆ గుర్తు లేదు బాబూ. అవి సగపాలు పందులు."

"సగపాలా? ఎవరిచ్చారు?"

"అది మేం చెప్పకూడదు."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇవి నీవేనా?"

ఆమె "నావే" అని ఉంటే అయిపోయేది. నేను అదే కోరుకుంటూ కాగితం వైపు చూస్తున్నాను.

"నావి కాదు బాబూ" అంది.

"మరెవరివి?"

ఆమె ఒక్కసారి నావైపు చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. తన వంతు అయింది, ఇక మీదేనన్నట్టు చూసింది. తర్వాత పందుల వైపు చూసింది.

గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. మునసబు చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "ఓహో, ఏ పెద్దమనిషో పంచె ఎగ్గట్టి పందులు మేపుతున్నాడన్నమాట. ఎవడ్రా ఆ దొర? రండి నాయనా, రండి, సర్కారు డబ్బులిస్తంటే సిగ్గెందుకు?" అని చుట్టూ చూశాడు. గట్టు మీద విరగబడి నవ్వారు. "మునసబుగారూ, మీరేనేమో చూసుకోండి!" అని ఎవరో అరిచారు. "నాది కోళ్ళ వ్యాపారంరోయ్" అన్నాడు ఆయన. మళ్ళీ నవ్వులు.

డాక్టరు నవ్వలేదు. అందరికీ వినపడేట్టు చెప్పాడు. "చూడండి, యజమాని ఎవరైనా నాకు అభ్యంతరం లేదు. రైతయినా, షావుకారైనా. వచ్చి నావి అని ఒక సంతకం పెడితే మొత్తం తొంభై నాలుగు రూపాయలు రాస్తాను. తర్వాత మీరూ మీరూ పంచుకోండి. ఎవరూ రాకపోతే యజమాని లేని పందులని రాయాలి. వాటికి ఏమీ రాదు."

ఆయన తొంభై నాలుగు అనకముందే నేను మనసులో కూడేశాను. రెండు పాతికలు యాభై, రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు, అయిదు నాలుగులు ఇరవై. అందులో ఆమె సగం నలభై ఏడు. మా దగ్గర మిరపకాయలు కోసే ఆడమనిషికి రోజుకి ముప్పావలా కూలి. అరవై మూడు రోజుల కూలి. ఇదంతా నా తలలో తిరిగింది. గట్టు మీద ఉన్న పాతిక మందిలో చందా ఇచ్చినవాళ్ళు ఎంతమందో కూడా లెక్కపెట్టాను. పంతొమ్మిది.

"రాయండి" అన్నాడు డాక్టరు.

రాశాను. చెవి గుర్తు గడిలో, ఎడమ చెవి, రెండు కోతలు. సంఖ్య గడిలో తొమ్మిది. యజమాని గడిలో "తెలియదు". నా దస్తూరీ ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఆ మాట కూడా అలాగే గుండ్రంగా వచ్చింది.

ఆమె తన మూడింటికి వేలిముద్ర వేయడానికి వచ్చినప్పుడు సిరా డబ్బా నేనే పట్టుకున్నాను. నా ముఖం చూడలేదు. వేలు తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తే తీసుకోలేదు, చీర చెంగుకే తుడుచుకుంది.

మధ్యాహ్నానికి గుంట పూడ్చారు. మొత్తం ఎనభై మూడు. ఇంటికి వచ్చి స్నానం చేస్తుంటే నా భార్య, "డాక్టరు మిమ్మల్ని తెగ పొగిడాడంటగా" అంది.

నలభై ఏడు రూపాయలు నేను తర్వాత ఇచ్చేస్తే సరిపోతుందని ఆ రోజంతా సర్దిచెప్పుకున్నాను. వారం ఆగి, ఎవరూ చూడకుండా ఇవ్వబోయాను కూడా. డొంకలో గంపలు మోసుకుపోతూ ఎదురైంది. నోట్ల మడత చూపించాను.

"సర్కారు ఇస్తే అది పందుల డబ్బు. మీరిస్తే అప్పయిద్దయ్యా. నాకు అప్పొద్దు" అని పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఆ జాబితా నకలు ఎన్ని చోట్లకు పోతుందో నేను ఆలోచించలేదు. ఫలానా ఆమె దొడ్డిలో యజమాని తెలియని పందులు తొమ్మిది. పోలీసు స్టేషన్లో ఆ ముక్క చదివినవాళ్ళకి ఒకటే అర్థమైంది. ఎరుకలవాళ్ళని పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన తెల్లవాళ్ళ చట్టం అప్పటికి పోయింది గానీ, చూసేవాళ్ళ అలవాటు పోలేదు. ఆ తొమ్మిది ఎక్కడ ఎత్తుకొచ్చావని ఆమెను పిలిపించారు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా స్టేషను వాకిట్లో కూర్చోవాలి. గంపలల్లే పని ఆ రోజుకి పోయినట్టే. మూడుసార్లు పిలిచారని టీ కొట్టు దగ్గర విన్నాను.

"ఎవరివో చెప్పి చావొచ్చుగా" అన్నాడు కొట్టు దగ్గర ఒకడు.

"చెప్పదురా. వాళ్ళ కట్టు అట్టాంటిది" అన్నాడు ఇంకొకడు. నేను టీ తాగాను. మూడోసారి పిలిచిన రోజు తువ్వాలు భుజాన వేసుకుని స్టేషనుకి వెళదామని రోడ్డు దాకా నడిచాను. అక్కడ నిలబడితే, మిల్లు దగ్గర పత్తి కాటా ఉందన్న సంగతి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను. ఆ కాటా మర్నాడు పెట్టుకున్నా ఏమీ కాదని నాకు తెలుసు.

పరిహారం డబ్బు మునసబు ఇంటి దగ్గర పంచారు. ఆమెకి నలభై తొమ్మిది. పంచేసరికి నాలుగు నెలలైంది. గూడెంలో మిగతావాళ్ళు జబ్బు తగ్గాక మళ్ళీ పందుల్ని కొన్నారు. స్టేషను చుట్టూ తిరిగిన మనిషి గంపలు ఎవరు కొంటారు? ఆమె డబ్బు తిండికే సరిపోయింది. పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో గుడిసె తలుపు కట్టేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని తెలిసింది.

"ఈ మధ్య గంపల మీద మోజు తగ్గిందే" అంది నా భార్య. నేను రామనవమి పుస్తకంలో ఏదో కూడుతున్నట్టు తల వంచుకున్నాను.

రెండేళ్ళ తర్వాత, మాఘమాసంలో, మిరప కల్లంలో ఉన్నాం. నా భార్య, ఆరుగురు కూలి ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. నేను కాటా దగ్గర ఉన్నాను. డొంక వైపు నుంచి ఆమె వచ్చింది. చిక్కిపోయింది. నెత్తిన కొత్త గంప ఉంది.

"అయ్యా, మీరు చెప్పిన గంప" అంది.

నేను గంప చెప్పలేదు. చెప్పి రెండేళ్ళు దాటింది. నా భార్య లేచి వెళ్ళి గంప అందుకుంది. "ఎన్నాళ్ళకమ్మా! ఆయనగారికి గంపలు లేక బెంగ పెట్టుకున్నాడు" అని నవ్వుతూ, అడుగున గుడ్డ చూసి తీసింది. కింద నోట్లు, చిల్లర ఉన్నాయి.

"ఇదేంటి, గంపలో డబ్బులు?"

కూలివాళ్ళు చేతులాపి చూశారు. నేను కాటా గొలుసు పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఒక్క క్షణం నావైపు చూసి, నా భార్యతో అంది, "అప్పట్లో అయ్యగారు గంపలకి బయానా ఎక్కువిచ్చారమ్మా. ఆ మిగిలింది తెచ్చా."

తొంభై నాలుగు రూపాయలు పోతున్నా, తన సగం పోతున్నా, "నావే" అన్న ఒక్క అబద్ధం ఆడలేదు ఆ మనిషి. స్టేషను వాకిట్లో మూడు రోజులు కూర్చున్నా ఆడలేదు. ఇప్పుడు నా కోసం, నా భార్య ముందు, అంత తేలిగ్గా ఆడేసింది. నేను కాటా గొలుసు వదిలేశాను.

"బయానా కాదు. పందుల డబ్బు" అన్నాను.

"ఏ పందులు?" అంది నా భార్య.

"ఆ రోజు చంపిన తొమ్మిది పందులు. ఎడమ చెవికి రెండు కోతలవి. నావి."

కూలివాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా భార్య గంపను కింద పెట్టింది. "ఇంట్లో ఉన్న గంపలన్నీ ఇలా వచ్చినవేనా?" అంది. ఏడని చెప్పాను. నా భార్య తిరిగి వెళ్ళి తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది.

"ఇవి ఏ పందుల డబ్బులమ్మా? అన్నీ పోయాయిగా" అని గంప తెచ్చినామెను అడిగాను.

"జబ్బుకి రెండు నెలల ముందు మీ తల్లిపంది పిల్లొకటి మా అమ్మాయికిచ్చానయ్యా, పెంచుకోమని. మీకు చెప్దామనుకునే లోపల ఇదంతా జరిగింది. అది అక్కడ బతికింది. మొన్న దాని పిల్లల్ని అమ్మాం. ముప్పై ఏడొచ్చింది. మీ సగం పద్దెనిమిదిన్నర." తర్వాత, "ఆ స్టేషనువాళ్ళు అక్కడికీ కబురు పెట్టారు. దొంగపందుల ఆమె ఈడ ఉందా అని మా అల్లుణ్ణి అడిగారంట. ఆ కాయితంలో మాట తీసేయటానికి కుదురుద్దా అయ్యా? రాసింది మీరే గదా" అంది.

అది అడగడానికే అంత దూరం వచ్చింది. డబ్బు ఎలాగూ తేవాల్సిందే కాబట్టి తెచ్చింది.

ఆమెను వెంటబెట్టుకుని మునసబు ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. దారిలో నాలుగైదు రకాలుగా కూర్చుకున్న మాటలన్నీ పోయి, "బావా, ఆ రోజు ఆ తొమ్మిది పందులు నావి" అని ఒక్కటే అన్నాను.

మునసబు చుట్ట తీసి నావైపు చూశాడు. "ఇప్పుడా చెప్పేది?"

"నీకు తెలుసా?"

"మా పాలేరు మొదటి ఏడే చెప్పాడు. నువ్వు డొంకలో ముక్కు మూసుకుని పందులు చూసుకుంటన్నావని. ఊళ్ళో సగం మందికి తెలుసు బావా. ఆ రోజు నేనెందుకు ఎగతాళి చేశాననుకున్నావు? రోషమొచ్చి నావేరా అంటావనుకున్నా. నవ్వేసి ఊరుకునేవాళ్ళం. నువ్వేమో వంచిన తల ఎత్తలేదు."

"నువ్వైనా అనొచ్చుగా."

"నీ పందులు. నేననేదేంటి?"

ఆమె అరుగు కింద, మెట్టు పక్కన నేల మీద కూర్చుని వింటోంది. ఊళ్ళో సగం మంది అంటే, గట్టు మీద నవ్విన పాతిక మందిలో పన్నెండు మందో పదమూడు మందో. వాళ్ళకు తెలిసీ నా చేతికి చందా పుస్తకం ఇస్తూనే ఉన్నారు. అంటే నేను కాపాడుకున్నదేమిటి? రెండేళ్ళు ఆ మనిషి మీద దొంగ ముద్ర ఉంచి నేను దాచింది, అక్కడున్న వాళ్ళకి కొత్త సంగతి కూడా కాదు. నాకు ఎన్నో లెక్కలు వచ్చు. దీన్ని ఏ గడిలో రాయాలో ఇప్పటికీ తెలియదు.

జాబితా గుంటూరు వెళ్ళిపోయింది, దాన్ని ఎవరూ దిద్దలేరన్నాడు మునసబు. కానీ నేను ఒక కాగితం రాసిస్తే తాను సాక్షి సంతకం పెడతానని, స్టేషనుకి తనే వెళ్ళి చూపిస్తానని అన్నాడు. ఒక నకలు ఆమె దగ్గర ఉంచుకోవచ్చన్నాడు. అరుగు మీదే కూర్చుని రాశాను. ఫలానా ఊరి కాపురస్థుడనైన నేను, ఫలానా ఆమెకు సగపాలుకిచ్చిన పందులు, ఎడమ చెవికి రెండు కోతలు గలవి, సంఖ్య తొమ్మిది, నా స్వంతమనీ, జాబితా రాసిన రోజు యజమాని తెలియదని రాసింది నేనేననీ, అది అబద్ధమనీ.

"చదవండయ్యా" అంది ఆమె. చదివాను. "ఇంకోసారి" అంది. ఇంకోసారి చదివాను. తల అడ్డంగా ఊపింది.

"తప్పు రాశారు."

"ఏది?"

"తొమ్మిది కాదయ్యా, పది. మా అమ్మాయింటి కాడ ఉన్నది కూడా మీ గుర్తుదే గదా. అది రాయకపోతే రేపు దాన్ని కూడా ఎత్తుకొచ్చిందంటారు."

నేను తొమ్మిది కొట్టేసి, పక్కన పది అని రాసి, దిద్దినచోట సంతకం పెట్టాను. మునసబు కూడా పెట్టాడు. స్టేషనులో చూపించడానికి నకలు ఇంకొకటి రాసి ఆయనకిచ్చాను. ఆమె కాగితం తీసుకుని, తడి తగలకుండా నాలుగు మడతలు పెట్టి, చెంగున ముడేసుకుని, ఒంగోలు బస్సు అందుకోవాలని లేచింది.